తుంగభద్ర దాటితే రూపాయి మారేది: కర్నూలు పాత నోట్ల కథ

జేబులో కొత్త యాభై నోటుంటే ఒకసారి బయటికి తీయండి. ఫోన్‌పే కాలంలో నోటెక్కడిది అంటారా, అమ్మనడిగి తెచ్చుకోండి. వెనక్కి తిప్పితే హంపి రాతి రథం కనిపిస్తుంది. హంపి ఉన్నది తుంగభద్ర ఒడ్డున. ఆ నీళ్ళే కిందికి పారి మన కర్నూలు పక్కన పోతాయి. ఇప్పుడు ఆ ఏటికి రెండు పక్కలా ఇదే నోటు చెల్లుతుంది. ఒకప్పుడు అట్లా కాదు. ఏరు దాటితే రూపాయే మారిపోయేది.

1839లో ఇంగ్లీషోళ్ళు కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను దించేసి ఊరిని నేరుగా తమ చేతిలోకి తీసుకున్నారు. దాంతో ఏటికి ఇవతల మద్రాసు ప్రెసిడెన్సీ, అవతల అలంపూర్ వైపు నిజాం రాజ్యం. భాష ఒకటే, చుట్టరికాలూ అటూ ఇటూ ఉండేవి. దుడ్లు మాత్రం వేరు. ఇక్కడ చెల్లేది కంపెనీ రూపాయి, తర్వాత రాణి, రాజుల బొమ్మలున్న రూపాయి. దాన్ని అవతలోళ్ళు కల్దారు అనేవాళ్ళు. అక్కడ చెల్లేది హాలి సిక్కా.

మొదట్లో ఇదంతా వెండి నాణేల లెక్క. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కరువొచ్చింది. అప్పుడు, 1918లో, హైదరాబాద్ సర్కారు సొంతంగా కాగితం నోట్లు తెచ్చింది. ముందు 10, 100. మరుసటి ఏడాది 1, 5. 1926లో ఏకంగా 1000 నోటు. వీటి పేరు ఉస్మానియా సిక్కా. ఎక్కువగా ఉర్దూలోనే ఉంటాయి కానీ, విలువ మాత్రం తెలుగులో కూడా రాసి ఉంటుంది. మరాఠీ, కన్నడ, ఇంగ్లీషులో కూడా. ఆ రాజ్యంలో ఎవరెవరు బతికారో ఆ ఒక్క కాగితం చెప్పేస్తుంది. ఇటు పక్క ఇంగ్లీషోళ్ళ నోటు మీద కూడా తెలుగు ఉంది. అంటే ఏటికి రెండు వైపులా నోటు మీద తెలుగే, కానీ ఒక నోటు ఇంకో ఒడ్డున అంగట్లో ఇస్తే అదే విలువకు తీసుకోరు.

మరి మారకం ఎట్లా? సర్కారు లెక్క ప్రకారం 100 కల్దారు రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైల సిక్కా. ఈ లెక్క చూసి తల తిరిగిందా? చాలా సులువు. అక్కడి 7, ఇక్కడి 6. అలంపూర్ పక్క పల్లెలో ఒకాయన గొర్రెలమ్మి 70 రూపాయలు మూటగట్టుకొని కర్నూలుకు వస్తే, చేతికి 60 వస్తాయి. ఇక్కడి నుంచి జోగులాంబ దర్శనానికి పోయే వాళ్ళకు 6 కి 7 వస్తాయి. లాభమేం కాదు, అక్కడి ధరలు కూడా ఆ రూపాయల్లోనే కదా. మారకం చేసే మనిషి మాత్రం తన వట్టం తాను పట్టుకుంటాడు. లెక్క రాని మనిషి మోసపోయేది అక్కడే.

కర్నూల్లో షరాఫ్ బజార్ ఉంది కదా, బంగారం కొనడానికి పోతాం. సరాఫు అంటే అసలు అర్థం బంగారం అమ్మేవాడు కాదు, నాణెం పరీక్షించి మార్చిచ్చేవాడు. ఆ మాట మన బజారు బోర్డుల మీద ఇంకా బతికే ఉంది.

1948లో హైదరాబాద్ భారతదేశంలో కలిసింది. సిక్కా మాత్రం వెంటనే పోలేదు, కొన్నేళ్ళు రెండు రూపాయలూ పక్కపక్కనే నడిచాయి. 1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు కూడా, ఏటి అవతల అలంపూర్ ఇంకా హైదరాబాద్ రాష్ట్రంలో, రాయచూరు జిల్లాలో ఉంది. 1956 నవంబర్ 1న రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. 2014లో మళ్ళీ రెండు రాష్ట్రాలు. ఈసారి నోటు మాత్రం మారలేదు.

ఇంకో మాట. మీ అవ్వ పెట్టెలో ఉర్దూ నోటు దొరికితే దాని మీద ఫసలీ సంవత్సరం వెతకండి. దానికి 590 కలిపితే మన లెక్కలో సుమారుగా ఏ ఏడాదో తెలుస్తుంది. 1327 అని ఉంటే 1917-18 అన్నమాట. పాత నోటుకు లక్షలిస్తాం, ముందు కమిషన్ కట్టండి అని ఎవరైనా ఫోన్ చేస్తే పైసా కూడా కట్టొద్దు. రిజర్వ్ బ్యాంక్ పేరు చెప్పినా సరే. అట్లా ఫీజు అడిగేవాళ్ళతో తమకు సంబంధం లేదని ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది. అమ్మే సంగతి తర్వాత. ముందు ఆ నోటు ఏటి అవతలి నుంచి మీ ఇంటికి ఎవరు తెచ్చారో అవ్వనడిగి, ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి.