లో వోల్టేజీతో ఫ్రిజ్, మోటర్ కాలిపోతున్నాయా? లోపం ఇంట్లోనా, లైన్‌లోనా.. ఇలా తెలుసుకోండి

ఖానాపూర్: ఫ్యాన్ తిరుగుతుంది కానీ గాలి రాదు. ఫ్రిజ్ 'టక్' మని ఆగిపోతుంది. బోరు మోటర్ గుయ్‌మంటుంది కానీ నీళ్లు ఎక్కవు. నిర్మల్ జిల్లా ఖానాపూర్, కడెం, మంచిర్యాల జిల్లా జన్నారం వైపు లైన్ చివర ఉండే ఊళ్ల వాళ్లకు ఈ బాధ కొత్తేం కాదు. కరెంట్ పోతే పోయిందని తెలుస్తుంది. డిమ్ కరెంట్ వస్తే మాత్రం వస్తువు పాడయ్యాకే తెలుస్తుంది.

చాలామంది వెంటనే చేసే పని స్టెబిలైజర్ కొనడం. కానీ లోపం ఎక్కడుందో తెలియకుండా కొంటే డబ్బులు దండగే. అసలు సమస్య ఇంటి వైరింగ్‌లోనా, సర్వీస్ వైర్‌లోనా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరా అన్నది ముందు తేల్చుకోవాలి. అదెలాగో చూద్దాం.

ఎంత వోల్టేజీ రావాలి?

ఇంటికి ఇచ్చే సింగిల్ ఫేజ్ కరెంట్ 230 వోల్టులు. ఇందులో 6 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. అంటే 216 నుంచి 244 మధ్య ఉంటే సరిగ్గా ఉన్నట్టే. త్రీ ఫేజ్ మోటర్లకు 415 వోల్టులు రావాలి. అక్కడ 390 నుంచి 440 వరకు సరే.

వోల్టేజీ కొంచెం తగ్గితే ఏమవుతుందిలే అనుకోవద్దు. గీజర్, ఇస్త్రీ పెట్టె, వాటర్ హీటర్ లాంటి వాటిలో వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 230 బదులు 180 వోల్టులే వస్తే 2000 వాట్ల గీజర్ దాదాపు 1225 వాట్ల పనే చేస్తుంది. నీళ్లు కాగడానికి ఎక్కువ టైమ్ పడుతుంది, అంతే. వస్తువుకు నష్టం లేదు.

మోటర్ ఉన్న వస్తువుల సంగతి వేరు. ఫ్రిజ్, ఏసీ కంప్రెసర్, బోరు మోటర్ స్టార్ట్ అయ్యే బలం కూడా అదే లెక్కన పడిపోతుంది. 180 వోల్టుల దగ్గర ఆ బలం 61 శాతమే మిగులుతుంది. మోటర్ తిరగలేక అక్కడే ఆగి ఎక్కువ కరెంట్ లాగుతుంది, కాయిల్ వేడెక్కి కాలిపోతుంది. ఫ్రిజ్‌లో ఆ 'టక్' శబ్దం కంప్రెసర్‌ను కాపాడే ఓవర్‌లోడ్ రిలేది. అది పదే పదే వినిపిస్తుంటే ఫ్రిజ్ ఆపేయడమే మంచిది.

ఫోన్ చార్జర్, ఎల్‌ఈడీ టీవీ లాంటివి చాలావరకు 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేస్తాయి. అందుకే టీవీ నడుస్తోంది కాబట్టి కరెంట్ బాగానే ఉందనుకుంటే పొరపాటే.

ముందు ఈ రెండు ప్రశ్నలు

ఒకటి, సమస్య మన ఇంట్లోనేనా, వీధి మొత్తం ఉందా? పక్కింటి వాళ్లను అడగండి. అందరికీ ఉంటే లైన్ లేదా ట్రాన్స్‌ఫార్మర్ సమస్య. మనకొక్కరికే అయితే సర్వీస్ వైర్ లేదా ఇంటి వైరింగ్.

రెండు, ఏ టైమ్‌లో వస్తోంది? సాయంత్రం 6 నుంచి 10 మధ్యే అయితే లోడ్ ఎక్కువైనట్టు. యాసంగిలో బోర్లు నడిచేటప్పుడు, చలికాలం తెల్లవారుజామున అందరూ హీటర్లు పెట్టేటప్పుడు వస్తే అదీ లోడ్ సమస్యే. ఉమ్మడి ఆదిలాబాద్‌లో చలి ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. టైమ్‌తో పనిలేకుండా ఎప్పుడూ డిమ్‌గా ఉన్నా, గాలి వీచినప్పుడు లైట్లు మిణుకుమిణుకుమన్నా ఎక్కడో జాయింట్ వదులైందని అనుమానించాలి.

కొలిచి చూస్తేనే తేలుతుంది

సాకెట్‌లో పెట్టే చిన్న డిజిటల్ వోల్ట్ మీటర్ ఎలక్ట్రికల్ షాపుల్లో తక్కువ ధరకే దొరుకుతుంది. కొన్ని కరెంట్ మీటర్ల డిస్‌ప్లే మీద కూడా వోల్టేజీ వస్తూ పోతూ ఉంటుంది. స్టెబిలైజర్ ఉంటే దాని మీద ఇన్‌పుట్ రీడింగ్ చూడొచ్చు. మల్టీమీటర్ వాడటం తెలియకపోతే ఎలక్ట్రీషియన్‌తోనే చూపించండి. తర్వాత ఇలా పోల్చుకోండి:

* మీటర్ దగ్గర 220, గదిలో సాకెట్ దగ్గర 185 వస్తే: లోపం ఇంటి వైరింగ్‌లోనే.

* మెయిన్ ఆఫ్ చేసినా మీటర్ మీద 180 చూపిస్తే: మన ఇంటికి సంబంధం లేదు. లైన్ లేదా ట్రాన్స్‌ఫార్మర్ సమస్య.

* మెయిన్ ఆఫ్‌లో 225 ఉండి, గీజర్ వేయగానే మీటర్ దగ్గరే 190కి పడిపోతే: స్తంభం నుంచి మీటర్ దాకా వచ్చే సర్వీస్ వైర్ సన్నగా ఉన్నట్టు, లేదా జాయింట్ వదులైనట్టు. అదే టైమ్‌లో పక్కింట్లో కూడా పడిపోతే లైన్‌నే అనుమానించాలి.

ఇంటి వైరింగ్ విషయంలో ఒక చిన్న లెక్క. 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైర్ 20 మీటర్ల దూరం పోయినా, 10 ఆంపియర్ల లోడ్‌కు తగ్గేది 5 వోల్టుల లోపే. అంటే ఇంట్లోనే 30, 40 వోల్టులు పోతున్నాయంటే వైర్ తప్పు కాదు, ఎక్కడో జాయింటో స్క్రూనో వదులైంది. ఆ చోట వేడి పుడుతుంది. స్విచ్ బోర్డు నల్లబడటం, ప్లాస్టిక్ కాలిన వాసన, ముట్టుకుంటే వేడిగా ఉండటం దీని గుర్తులు. ఇది వోల్టేజీ సమస్య మాత్రమే కాదు, ఇల్లు అంటుకునే ప్రమాదం కూడా.

స్తంభానికి దూరంగా ఉన్న ఇళ్ల సంగతి చూద్దాం. 4 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం సర్వీస్ వైర్ 60 మీటర్లు లాగితే, 15 ఆంపియర్ల లోడ్‌కు దాదాపు 13 వోల్టులు దారిలోనే పోతాయి. మధ్యలో టేప్ చుట్టిన అతుకులు ఉంటే ఇంకా ఎక్కువ. కాబట్టి ఏసీ పెట్టేముందు సర్వీస్ వైర్ కూడా చూసుకోవాలి.

ఇలా జరిగితే వెంటనే మెయిన్ ఆపేయండి

ఒక ఇంట్లో లైట్లు డిమ్‌గా, పక్కింట్లో మరీ ఎక్కువగా వెలుగుతున్నాయా? వోల్టేజీ ఉన్నట్టుండి పెరిగి పడిపోతోందా? అయితే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో లైన్‌లోనో న్యూట్రల్ తెగి ఉండొచ్చు. అలాంటప్పుడు కొన్ని ఇళ్లకు 300 వోల్టులు దాటి రావచ్చు. టీవీలు, ఫ్రిజ్‌లు ఒకేసారి కాలిపోయేది ఇలాగే. లైట్లు అస్సలు వెలగకుండా టెస్టర్ మాత్రం సాకెట్ రెండు రంధ్రాల్లోనూ వెలిగితే, మన సర్వీస్ న్యూట్రలే తెగిందని అనుమానించాలి. ఏదైనా సరే మెయిన్ ఆఫ్ చేసి, పక్కవాళ్లకు చెప్పి, లైన్‌మన్‌కు ఫోన్ చేయాలి.

ఈ పనులు మాత్రం చేయొద్దు

* న్యూట్రల్ సరిగ్గా రావట్లేదని నేలలో రాడ్ కొట్టి ఎర్త్‌ను న్యూట్రల్‌గా వాడటం. లైట్ వెలుగుతుంది నిజమే. కానీ ఆ తీగ, దాని చుట్టూ తడి నేల ప్రాణాల మీదికి తెస్తాయి. పశువులు కూడా చనిపోతాయి.

* ఫేజ్ మార్చుకుందామని ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజులు ముట్టుకోవడం, కర్రతో స్తంభం మీద తీగలు కదపడం. అది లైన్‌మన్ పని. ఆయన కూడా సప్లై ఆపించాకే ఎక్కుతారు.

* ఫ్యూజ్ పోతుందని లావు తీగ చుట్టడం.

స్టెబిలైజర్ ఎప్పుడు కొనాలి?

ఇంటి వైరింగ్, సర్వీస్ వైర్ బాగున్నాయని తేలాకే కొనండి. డబ్బా మీద రాసిన ఇన్‌పుట్ రేంజ్ చూడండి. 170 నుంచి 270 అని ఉంటే, మీ ఇంట్లో 150 వచ్చినప్పుడు అది కాపాడలేదు. తక్కువైనప్పుడు కట్ చేసేది, కరెంట్ వచ్చాక కొన్ని నిమిషాలు ఆగి ఆన్ అయ్యేది ఫ్రిజ్, ఏసీలకు మంచిది.

ఇంకో విషయం. స్టెబిలైజర్ కొత్తగా కరెంట్ తయారుచేయదు. ఇక్కడ వోల్టేజీ పెంచడానికి లైన్ నుంచి ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. వీధిలో అందరూ పెట్టుకుంటే లైన్ వోల్టేజీ ఇంకా పడుతుంది. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ సమస్యకు ఇది శాశ్వత మందు కాదు.

రైతులు ఏం చేయాలి?

బోరు మోటర్‌కు కెపాసిటర్ పెట్టుకోవాలి. 5 హెచ్‌పీ మోటర్‌కు 2 కేవీఏఆర్, 3 హెచ్‌పీకి 1 కేవీఏఆర్ కెపాసిటర్ సరిపోతుంది. దీంతో లైన్ మీద కరెంట్ తగ్గుతుంది, వోల్టేజీ కొంత మెరుగవుతుంది. ఒక్కరు పెడితే తేడా తెలియదు. ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న రైతులంతా పెడితేనే లాభం.

ఆటో స్టార్టర్లు తీసేయాలి. కరెంట్ రాగానే మోటర్లన్నీ ఒక్కసారే స్టార్ట్ అయితే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేదు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంట్ మొదలుపెట్టే ముందు ప్రభుత్వం రైతులను కోరింది కూడా ఇదే. మోటర్లు వంతులవారీగా నడుపుకుంటే అందరి మోటర్లూ బతుకుతాయి.

ఫిర్యాదు ఎలా చేయాలి?

ఖానాపూర్ ప్రాంతం ఉత్తర తెలంగాణ డిస్కం, అంటే టీజీఎన్‌పీడీసీఎల్ పరిధిలోకి వస్తుంది. ముందు 1912కు ఫోన్ చేసి, బిల్లు మీద ఉన్న సర్వీస్ నంబర్ చెప్పి, ఫిర్యాదు నంబర్ రాసుకోండి. 'కరెంట్ డిమ్‌గా వస్తోంది' అని ఊరికే చెబితే సరిపోదు. వారం రోజులు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి రీడింగ్ రాయండి. మీటర్ డిస్‌ప్లే ఫొటో తీయండి. సమస్య వీధి మొత్తానిదైతే అందరి సర్వీస్ నంబర్లతో ఒకే దరఖాస్తు సెక్షన్ ఆఫీసులో ఏఈకి ఇచ్చి, రసీదు తీసుకోండి. లోడ్ ఎక్కువుండే టైమ్‌లోనే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కొలవాలని అందులో అడగండి. మధ్యాహ్నం వచ్చి కొలిస్తే రాత్రి సమస్య కనిపించదు.

కొత్తగా ఏసీ, మోటర్ పెట్టినవాళ్లు అదనపు లోడ్ రాయించుకోవాలి. కాగితం మీద 1 కిలోవాట్ ఉండి వాడేది 4 అయితే, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కావాలన్న లెక్క ఆఫీసుకు ఎలా చేరుతుంది?

అక్కడ పని జరగకపోతే ఏడీఈ, డీఈ, ఎస్‌ఈ వరకు వెళ్లొచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంది. ఆ తర్వాత విద్యుత్ వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక, దానిపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఈ రెండూ 2003 విద్యుత్ చట్టం ఇచ్చినవే. వీటికి లాయర్ అవసరం లేదు. 2020 వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం వోల్టేజీ ఫిర్యాదుల పరిష్కారానికి గడువు, ఆలస్యమైతే పరిహారం ఉండాలి.

గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తోంది కదా, అడగడం ఎందుకని కొందరు ఊరుకుంటున్నారు. మీ బిల్లు ప్రభుత్వం కడుతోంది. అందువల్ల సరైన వోల్టేజీ అడిగే హక్కు పోదు.