హెరాల్డ్ చక్రాల వాలు

మా హాలియా ప్రాంతంలో ఎద్దుబండి చక్రం ఒకవైపు వాలితే పెద్దలు ముందుగా ఇరుసును చూసేవారు. పాత స్పోర్ట్స్ కారుకూ అదే న్యాయం వర్తిస్తుంది.

1959లో ఇంగ్లాండులో వెలువడిన ట్రయంఫ్ హెరాల్డ్ 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్‌గా తయారయింది. అదే చాసిస్‌ను కురచ చేసి, 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును తెచ్చారు. కనుక రెండింటి చక్రాల కథా ఒకటే.

వెనుక అడ్డంగా ఒకే కమాను కట్ట. దానికి వేలాడుతూ ఊగే రెండు సగం ఇరుసులు. బరువు పడితే చక్రాల పైభాగాలు లోపలికి వాలుతాయి. మలుపులో హఠాత్తుగా యాక్సిలరేటర్ వదిలితే వెనుకభాగం పైకి లేచి, బయటి చక్రం అడుగు లోపలికి మడుచుకొని పట్టు తప్పుతుంది. 1972లో వచ్చిన గెజెల్‌లో మద్రాసు వారు ఈ అమరికను విడిచి, ఊగని ఒకే ఇరుసును పెట్టారు.

అందుచేత పాత హెరాల్డుకు అలైన్‌మెంట్ చేయడంలో వరుస ముఖ్యం. మొదట అరిగిన బుష్‌లు, కుంగిన కమాను సరిచేయాలి. తరువాత సీట్లలో మనుషులంత బరువు ఉంచి, ముందు చక్రాల దిగువ విష్‌బోన్ దగ్గర షిమ్‌లు చేర్చో తీసో కేంబర్ సరిచేయాలి. కేంబర్ మారితే టో-ఇన్ కూడా మారుతుంది గనుక దానిని చివరకే చూడాలి. చివరిదొక్కటే చేసి ఊరుకుంటే టైరు ఒకవైపే అరుగుతుంది.

ఆ అరుగుదలను నేను శాసనంగా భావిస్తాను. యంత్రం చూపే అంకెలకన్నా ముందు చదవవలసింది దానినే.