అడవినాభి: పేరు, పుట్టుక

అడవినాభి వానకాలపు తీగ. ఆకు కొసే నులితీగలా చుట్టుకొని పక్క పొదను పట్టుకుంటుంది. శాస్త్రనామం గ్లోరియోసా సుపర్బా. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని అమ్రాబాద్ నల్లమల అడవుల్లోనూ, నల్లగొండ వైపు గుట్టల పొదల్లోనూ వానలు పడ్డాక మొలుస్తుంది. వానలు వెనకబట్టాక తీగ ఎండినా నేలలో గడ్డ బతికే ఉంటుంది. దీని పేర్లలో చాలావరకు ఆ గడ్డను బట్టి వచ్చినవే.

హిమాలయాల్లో వత్సనాభి అనే విషపు దుంప ఉంది. దూడ బొడ్డులా ఉంటుందని సంస్కృతంలో ఆ పేరు. వాడుకలో అది ‘నాభి’ అయింది. మన మెట్టల్లో అది పెరగదు. దానిలాగే ప్రాణం తీయగల ఇక్కడి గడ్డను అడవినాభి అన్నారు. రెండు మొక్కలకూ చుట్టరికం లేదు, పోలిక విషంలోనే. ఆయుర్వేదం అడవినాభిని ఉపవిషాల్లో చేర్చి, శుద్ధి చేయకుండా వాడరాదంటుంది.

సంస్కృతంలో లాంగలి, హలిని అనే పేర్లు నాగలిని బట్టి వచ్చాయి. తవ్వితీస్తే గడ్డ రెండు పాయలుగా వంగి అచ్చం నాగలిలా కనిపిస్తుంది. మన ‘నాగలి’ కూడా లాంగలానికి దగ్గరి మాటే. కలప్పగడ్డ అన్న పేరులో నాగలికి తమిళులు వాడే ‘కలప్పై’ వినిపిస్తుంది. గర్భపాతిని అన్న పేరు మాత్రం ఈ గడ్డను ఎంత ప్రమాదకరమైన పనికి వాడారో చెబుతుంది.

పువ్వును చూసి పెట్టిన పేరు అగ్నిశిఖ. ఆరు రేకులూ అలలుగా ముడతపడి పైకి లేస్తాయి. మొదట ఆకుపచ్చ కలిసిన పసుపు, తర్వాత నిప్పు ఎరుపు. 1753లో లిన్నేయస్ కూడా పువ్వునే పట్టుకున్నాడు. గ్లోరియోసా అంటే మహిమ గలది, సుపర్బా అంటే దర్పం గలది. ఒక్క తీగకు రెండు పొగడ్తలు, విషం ఊసే లేదు! ఆ లెక్కన మన అడవినాభే పనికొచ్చే పేరు. తమిళులకు ఇది కాందళ్. తమిళనాడు రాష్ట్ర పుష్పం, సంగం కవులకు ఆడవారి వేళ్లకు ఉపమానం. జింబాబ్వేకు జాతీయ పుష్పం.

గడ్డలోనూ గింజల్లోనూ ఉన్న విషం కోల్చిసిన్. ఆ పేరు నల్ల సముద్రపు ఒడ్డున ఉన్న కోల్చిస్ నుంచి వచ్చింది. గ్రీకు గాథల్లో విషాలు ఎరిగిన మెడియా పుట్టిన దేశం అదే. కణాల విభజనను ఆపే ఈ పదార్థమే కొద్ది మోతాదులో గౌట్ కీళ్లనొప్పికి మందు. అందుకే తమిళనాడులో రైతులు గింజల కోసం ఈ తీగను పందిళ్ల మీద సాగుచేస్తారు. నల్లమలలో అది ఇప్పటికీ అడవి మొక్కే.