బడి ప్రయోగశాలకు ఆసు యంత్రమే పాఠం

భువనగిరి: కంప్యూటర్‌ తరగతి అంటే తెర ముందు కూర్చుని మౌస్‌ కదిలించడమేనన్న అభిప్రాయం చాలా పాఠశాలల్లో స్థిరపడిపోయింది. విద్యార్థి రాసిన ప్రోగ్రామ్‌ తెర దాటి వచ్చి మోటారును తిప్పడం, నేలలోని తేమను కొలవడం వేరొక విద్య. దీనినే ఫిజికల్‌ కంప్యూటింగ్‌ అంటున్నారు. వెలుతురు, వేడి, తేమ వంటి వాటిని సెన్సర్‌ గ్రహిస్తుంది. మైక్రోకంట్రోలర్‌ అనే చిన్న చిప్‌ ముందుగా ఇచ్చిన ఆదేశాల ప్రకారం నిర్ణయం తీసుకుంటుంది. మోటారో, దీపమో దానిని అమలు చేస్తుంది. ఇటలీలో 2005లో రూపొందిన ఆర్డునో బోర్డు ఈ విద్యను చవక చేసింది. దాని నమూనాను ఎవరైనా వాడుకునే వీలుండటంతో అదే తరహా బోర్డులు నేడు కొన్ని వందల రూపాయలకే లభిస్తున్నాయి.

భువనగిరి ప్రాంతానికి ఇది పరాయి విద్యేమీ కాదు. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం రూపొందించిన లక్ష్మీ ఆసు యంత్రమే అందుకు సాక్ష్యం.

ఆరో తరగతి చదువు.. ఏడేళ్ల శ్రమ

పోచంపల్లి పట్టుచీరకు రంగులద్దే ముందు నూలును అర్ధచంద్రాకారంలో అమర్చిన మేకుల చుట్టూ ఆసు పోయాలి. ఒక్క చీరకు చేతిని సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ కదిలించాలి. నాలుగైదు గంటల పని. ఇంటి ఆడవారి భుజాలు, కళ్లు దీనికే అరిగిపోయేవి. తల్లి లక్ష్మి పడుతున్న బాధ చూడలేక, ఆరో తరగతితో చదువు ఆపేసిన మల్లేశం 1992లో యంత్రం తయారీకి పూనుకున్నారు. చివరి అంచె దగ్గర పని ఆగిపోయింది. జీవనోపాధికి హైదరాబాద్‌ చేరి, 1999లో బాలానగర్‌లోని ఒక పరిశ్రమలో విద్యుత్‌ పని చేస్తుండగా అక్కడి యంత్రం కదలికలో ఆయనకు జవాబు దొరికింది. తరువాత పుస్తకం కొని చదివి, మైక్రోకంట్రోలర్‌నూ జోడించారు. చీరకు పట్టే సమయం గంటన్నరకు తగ్గింది. 2017లో కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది.

ఏ ప్రయోగశాలా లేని చోట ఏడేళ్లు పట్టిన పని ఇది. నేటి విద్యార్థికి పనిముట్లు బడిలోనే దొరికే అవకాశముంది.

ఇరవై లక్షలు.. ఆ తరువాత?

నీతి ఆయోగ్‌ ఆధ్వర్యంలోని అటల్‌ ఇన్నోవేషన్‌ మిషన్‌ 2016 నుంచి ఎంపికైన పాఠశాలల్లో అటల్‌ టింకరింగ్‌ ల్యాబ్‌లను నెలకొల్పుతోంది. ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు విద్యార్థులు వీటిని వినియోగించుకోవచ్చు. ఈ పథకం కింద పాఠశాలకు రూ.20 లక్షల వరకు సాయం అందుతుంది. అందులో రూ.10 లక్షలు ఏర్పాటుకు, మిగిలిన రూ.10 లక్షలు అయిదేళ్ల లోపు నిర్వహణకు. ప్రభుత్వ పాఠశాలల్లో అయిదేళ్లలో మరో 50 వేల ల్యాబ్‌లు నెలకొల్పుతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు.

పరికరాలు రావడం సులభం, అవి బీరువాలో ఉండిపోవడమూ అంతే సులభం. తన పాఠాలతోనే సతమతమయ్యే సైన్స్‌ ఉపాధ్యాయుడు ఒక్కరే దీన్ని నెట్టుకురావాలంటే దీపం వెలిగించి ఆర్పే ప్రయోగం దగ్గరే ఆగిపోతుంది. ఊరి సహకారం కావలసింది ఇక్కడే. మోటారు ఎందుకు కాలిపోతుందో వైండింగ్‌ మెకానిక్‌కు తెలుసు. పోగు ఎంత బిగువుగా ఉంటే తెగుతుందో నేత కార్మికుడికి తెలుసు. బోరు మోటారుకు ఏ వేళ కరెంటు వస్తే ప్రయోజనమో రైతుకు తెలుసు. వీరిని నెలకు ఒకసారి బడికి పిలవడానికి ప్రత్యేక నిధులేమీ అక్కరలేదు. స్వచ్ఛందంగా బోధించే వారిని పాఠశాలలకు జతచేసే ఏర్పాటు ఈ పథకంలోనే ఉన్నా, వారిలో ఇంజినీర్లతో పాటు చేతిపని వారికీ చోటు కల్పించాలి.

వెతుక్కోవలసిన పని కూడా దూరాన లేదు. ఆసు యంత్రం వచ్చినా, ఆ తరువాత నూలుకు ముడులు కట్టడం, రంగులద్దడం నేటికీ ఎక్కువగా చేతులతోనే సాగుతున్నాయి. పోచంపల్లి, ఆలేరు, పుట్టపాక ప్రాంతాల నేత కుటుంబాల పిల్లలు ఆ పనిని రోజూ ఇంట్లో చూస్తూనే బడికి వెళ్తున్నారు.