కేశవరెడ్డి నవలలు: మన చిత్తూరు మాటల్లో మనిషి ధర్మసంకటం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు మన ఇళ్ళల్లో ఉర్దూ మాట్లాడుకుంటాం, గడప దాటితే తెలుగు. ఆ తెలుగు కూడా బడి పుస్తకంలో ఉండే తెలుగు కాదు. 'ఉన్నాడు' అనం, 'ఉండాడు' అంటాం. 'ఉంది' అనం, 'ఉండాది' అంటాం. పిల్లలు పెద్ద చదువులకు హైదరాబాదు పోతే అక్కడ ఈ మాట విని నవ్వేవాళ్ళు ఎక్కువ. అదే మాటను నవల పేరుగా అట్టమీద అచ్చు వేయించిన రచయిత ఒకాయన ఉన్నారు. నవల పేరు 'రాముడుండాడు రాజ్జిముండాది'. రాసింది డాక్టర్ కేశవరెడ్డి.

ఆయన 1946లో చిత్తూరు జిల్లా తలుపులపల్లిలో పుట్టారు. పాండిచ్చేరిలో డాక్టరు చదువు చదివారు. ఉద్యోగం మాత్రం సొంత జిల్లాకు చాలా దూరంలో, నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఉన్న కుష్ఠు ఆసుపత్రిలో. 1915లో మిషనరీ డాక్టరు ఇసబెల్ కెర్ మొదలుపెట్టిన ఆసుపత్రి అది. మదనపల్లె వాళ్ళకు ఇలాంటి చోటు గురించి వేరే చెప్పక్కరలేదు. ఆరోగ్యవరం క్షయ శానటోరియం కూడా ఆ కాలం నాటిదే. ఊరు భయపడి దూరం పెట్టిన రోగులకు ఊరి బయట ఒక ఆశ్రయం. కేశవరెడ్డి ఎన్నో ఏళ్ళు అలాంటి రోగుల మధ్య పనిచేశారు. 2015 ఫిబ్రవరి 13న కన్నుమూశారు. ఉన్నది అక్కడైనా, రాసింది ఎక్కువగా ఇక్కడి పల్లెల గురించే, ఇక్కడి మాటల్లోనే.

ఆయన పుస్తకాల్లో అందరికంటే ఎక్కువ మందికి చేరింది 'అతడు అడవిని జయించాడు'. నేషనల్ బుక్ ట్రస్ట్ ద్వారా ఇతర భారతీయ భాషల్లోకి కూడా వెళ్ళింది. కథ చిన్నది. ఒక ముసలాయన, పేరు కూడా ఉండదు. పందులు మేపుకుని బతుకుతాడు. ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది ఒకటి పొద్దుగూకినా ఇంటికి రాదు. దాన్ని వెతుక్కుంటూ బల్లెం పట్టుకుని అడవిలోకి పోతాడు. ఇక ఆ రాత్రంతా కథే.

పంది కథ మన ఇంట్లో ఎందుకు అని కొందరికి అనిపిస్తుంది, అది సహజమే. కానీ ఆ పుస్తకంలో పంది అంటే తినే వస్తువు కాదు, ఒక పేదవాడి చేతిలో పెట్టిన ప్రాణం. దాహంతో ఉన్న కుక్కకు నీళ్ళు తోడి పోసిన మనిషి హదీసు మన పిల్లలకు చెప్తాం కదా, ఆ హదీసు తెలిసిన వాళ్ళకు ఈ ముసలాయన పరాయివాడు అనిపించడు. ఇక అసలు చిక్కు ఎక్కడంటే, పిల్లల్ని కాచుకుంటున్న తల్లి పంది యజమానిని కూడా దగ్గరికి రానివ్వదు. చుట్టూ నక్కలు. పిల్లల్ని కాపాడాలంటే తల్లితోనే తలపడాలి. తల్లిని వదిలేస్తే పిల్లలు పోతాయి. ఏ వైపు చేసినా తప్పే అనిపించే చోట మనిషి ఏం చేస్తాడు? రచయిత ఎక్కడా ఉపన్యాసం ఇవ్వడు. ముసలాయన చెయ్యి, బల్లెం, చీకటి, ఇవే చూపిస్తాడు. ఆయన చివరికి ఏం చేశాడో ఇక్కడ చెప్పను, చదువుకోండి.

'మూగవాని పిల్లనగ్రోవి' వేరే రకం. ఒంటిల్లు అనే పల్లెలో బక్కిరెడ్డి అనే రైతు. అప్పుల్లో పొలం చేజారిపోతుంది. కాగితం మీద భూమి వేరేవాడిది అయిపోయింది, కానీ ఆయన మనసులో కాలేదు. చట్టం ప్రకారం ఇది న్యాయమే, అయినా న్యాయం కాదు. ఆ రెండింటి మధ్య మనిషి నలిగిపోతాడు. మన వైపు వానలు మోసం చేసి, బోర్లు ఎండిపోయి, తాతల నాటి చేను అమ్మి బెంగళూరుకో గల్ఫుకో పోయిన కుటుంబాలు తక్కువేమీ కాదు. అమ్మిన తర్వాత కూడా ఆ చేను పక్కనుంచి బస్సులో పోయేటప్పుడు తల తిప్పుకునే పెద్దవాళ్ళకు బక్కిరెడ్డి పిచ్చి పిచ్చిగా కనిపించదు.

చరిత్ర కావాలంటే 'చివరి గుడిసె' చదవాలి. యానాదుల కథ ఇది. 1871లో తెల్లదొరలు ఒక చట్టం తెచ్చారు. కొన్ని కులాలు, తెగలు పుట్టుకతోనే నేరస్థులని అందులో రాశారు. మనిషి దొంగతనం చేశాడా లేదా అని చూడరు. ఫలానా తెగలో పుట్టాడంటే చాలు, వేలిముద్రలు, పోలీసుల హాజరు పట్టీ. స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో గానీ దేశమంతటా ఆ చట్టం పోలేదు. పోయినా ఆ అనుమానం మాత్రం ఊళ్ళో మిగిలిపోయింది. పేరు చూసి, పుట్టుక చూసి మనిషిని తూచే అలవాటు ఎట్లా ఉంటుందో మన పాఠకులకు ఎవరూ నేర్పించక్కరలేదు. అందుకే ఈ నవల మనకు ఇంకొంచెం దగ్గరగా తగుల్తుంది.

ఇక 'మునెమ్మ'. 2008లో పుస్తకంగా వచ్చింది, వచ్చినప్పుడు పెద్ద వాదోపవాదాలే జరిగాయి. మునెమ్మ భర్త జయరాముడు ఇంటి ఎద్దును అమ్మడానికి తోలుకుపోతాడు, మళ్ళీ ఇంటికి రాడు. ఏమయ్యాడో తేల్చుకోవాలని మునెమ్మ బయలుదేరుతుంది. తోడు ఎవరు? ఆ ఎద్దు, ఇంకా సినబ్బ అనే పిల్లాడు. కథ చెప్పేది ఆ పిల్లాడే. పొట్టి ఆవులకు పేరుపడ్డ పుంగనూరు వాళ్ళకు, సంతలో పశువు బేరం చూసినవాళ్ళకు, ఇందులో సంత మనుషులు, తరుగు తినే దళారులు బాగా తెలిసిన ముఖాల్లా ఉంటారు. న్యాయం ఎవరు చేయాలి, చేసేవాళ్ళు లేనప్పుడు ఒక ఆడమనిషి తానే చేసుకోవచ్చా అన్నది ఇందులో ప్రశ్న. మునెమ్మ జవాబు నాకు పూర్తిగా ఒప్పుదల కాలేదు. కానీ ఆమె స్థానంలో నేను ఏం చేసేవాడినో కూడా చెప్పలేను.

ఒక మాట తల్లిదండ్రులకు. మునెమ్మ చిన్నపిల్లల పుస్తకం కాదు. ఎద్దుకూ మునెమ్మకూ మధ్య అనుబంధాన్ని రచయిత పెద్దల చూపుతో రాశాడు, గొడవ జరిగింది కూడా చాలావరకు దాని గురించే. డిగ్రీ చదివే పిల్లలు చదివితే బాగుంటుంది, ఇంట్లో పెద్దవాళ్ళు కూడా చదివి మాట్లాడుకుంటే ఇంకా మంచిది. 'సిటీ బ్యూటిఫుల్' మెడికల్ విద్యార్థి కథ. వాక్యాలు మనసులో ఆలోచనలు పరిగెత్తినట్టు పోతాయి, మొదటి పుస్తకంగా మాత్రం వద్దు.

మొదలుపెట్టేవాళ్ళు 'అతడు అడవిని జయించాడు' తీసుకోండి, రెండు సాయంత్రాల్లో అయిపోతుంది. తర్వాత 'మూగవాని పిల్లనగ్రోవి', ఆ పైన 'చివరి గుడిసె'. ఈ నవలలు చాలావరకు హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. తెలుగు చదవడం అలవాటు తప్పిన నానీలకు, దాదాలకు ఎవరైనా గట్టిగా చదివి వినిపించండి. కథలో మనుషులు మాట్లాడే చోట అర్థం చెప్పాల్సిన పని ఉండదు.