పేలుడుకు పడికట్టు రాయి

2020 ఆగస్టు 4న బీరూట్ ఓడరేవు గోదాములో ఉన్నది సుమారు 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్. నిపుణులు లెక్కగట్టిన బలం మాత్రం కిలోటన్ను టీఎన్‌టీకి అటూ ఇటూ. కొందరి లెక్కలో అందులో సగమే. పేలిందొకటి, తూచింది ఇంకొకదానితో! ఈ టీఎన్‌టీ ఎప్పుడు పడికట్టు రాయైంది?

పుట్టినప్పుడు అదొక పసుపు రంగు. 1863లో జర్మన్ రసాయనవేత్త యూలియస్ విల్‌బ్రాండ్ చేసింది అద్దకానికే. ఓ పట్టాన పేలదు కనుక దాని అసలు గుణం చాన్నాళ్లు ఎవరికీ పట్టలేదు. ఆ మొండితనమే తర్వాత సైన్యాలకు నచ్చింది: కరిగించి ఫిరంగి గుండ్లలో పోసినా ప్రమాదం తక్కువ.

అంతకుముందూ కొలతలున్నాయి. తుపాకి మందును పరీక్షించడానికి చిన్న ఫిరంగిలో కూరి, గుండు ఎంత దూరం పడిందో చూసేవారు. ఆస్ట్రియా దేశస్థుడు ట్రౌజ్ల్ పద్ధతి నాకు ముచ్చటగా ఉంటుంది. సీసపు దిమ్మెకు రంధ్రం చేసి, లోపల పది గ్రాముల మందు పేల్చి, ఉబ్బిన గుంతలో ఎన్ని నీళ్లు పడతాయో కొలవడం. సోలతో బియ్యం కొలిచినట్టే.

అణుబాంబుకు సీసపు దిమ్మె ఎక్కడ సరిపోతుంది? అందుకే 1945 మే 7న న్యూమెక్సికో ఎడారిలో చెక్క మంచె మీద వంద టన్నులకు పైగా టీఎన్‌టీ పేర్చి పేల్చారు. తెలిసిన బరువుతో పరికరాల ముల్లు సరిచూసుకోవడానికి. జులై 16న అసలు పరీక్ష జరిగింది. పది మైళ్ల దూరంలో నిల్చున్న భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ, పేలుడు గాలి తాకే వేళకు కాగితం ముక్కలు వదిలాడు. అవి రెండున్నర మీటర్లు జరిగాయి. పదివేల టన్నులన్నాడు. తర్వాత అధికారికంగా తేలింది 21 వేలు. చేతిలోని చిత్తుకాగితాలతో ఆ మాత్రం దగ్గరికి రావడమే విడ్డూరం! అగ్నిగోళం ఏ క్షణానికి ఎంత పెరిగిందో పత్రికల్లో అచ్చయిన ఫొటోల్లో చూసి, బ్రిటన్‌లో భౌతిక శాస్త్రవేత్త జి.ఐ. టేలర్ సుమారు 17 వేల దగ్గర తేల్చాడు.

ఇంతకీ ఈ రాయి బరువు కచ్చితమైనదా అంటే, అదీ కాదు. టీఎన్‌టీ నుంచి వచ్చే వేడి కొలిచే తీరును బట్టి మారుతుంది. అందుకని గ్రాముకు వెయ్యి కేలరీలని గుండుగుత్తగా ఖాయం చేసుకున్నారు, టన్నుకు 4.184 గిగాజౌళ్లు. పైగా వేడి వేరు, గాలి దెబ్బ వేరు. ఎనిమిది రెట్ల మందు పేల్చినా అదే దెబ్బ తగిలేది రెట్టింపు దూరం దాకానే. ఒక్క అంకెలో ఇదంతా ఇమడదు.

గుర్రం లేని మోటారుకు అశ్వశక్తి అంటున్నాం కదా, ఇదీ ఆ బాపతే. 2013 ఫిబ్రవరిలో రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద ఆకాశంలోనే పగిలిన ఉల్కకు కట్టిన లెక్క నాలుగైదు వందల కిలోటన్నుల టీఎన్‌టీ. అది ఉత్త రాయి.