నోటి క్యాన్సర్: అలవాటును బట్టి పుండు, ఆలస్యాన్ని బట్టి ఆయుష్షు

భారతీయ పురుషుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తున్న క్యాన్సర్ నోటిదే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనాల ప్రకారం 2022లో దేశంలో దాదాపు 1,43,700 మందికి కొత్తగా పెదవి, నోటి క్యాన్సర్ వచ్చింది. ఆ ఏడాది ఈ వ్యాధితో మరణించినవారు సుమారు 80 వేల మంది. ప్రపంచవ్యాప్తంగా వచ్చిన కేసుల్లో మూడో వంతుకు పైగా ఒక్క భారతదేశానివే. పొరుగున ఉన్న పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంకల్లోనూ ఈ వ్యాధి తీవ్రంగానే ఉంది.

అయితే ఈ వ్యాధి అన్ని ప్రాంతాల్లోనూ ఒకే తీరుగా ఉండదు. పాశ్చాత్య దేశాల్లో ఇది ఎక్కువగా నాలుక మీద, నాలుక కింద మొదలవుతుంది. అక్కడ పొగతాగడం, మద్యం ప్రధాన కారణాలు. భారతదేశంలో మాత్రం బుగ్గ లోపలి పొర, చిగుళ్ల అంచు ఎక్కువగా దెబ్బతింటాయి. జర్దా కిళ్లీనో గుట్కానో గంటల తరబడి అదిమిపెట్టుకునే చోటు అదే. బిహార్‌లో ఖైనీని సున్నంతో నలిపి కింది పెదవికీ చిగురుకూ మధ్య ఉంచుకుంటారు, పుండు కూడా ఆ సందులోనే లేస్తుంది. రోగి నోరు తెరిచిన క్షణంలోనే అతని ప్రాంతాన్నీ అలవాటునూ అనుభవజ్ఞుడైన వైద్యుడు చాలావరకు ఊహించగలడు.

అంగిలి మీద మంట

ఇందుకు ప్రపంచ వైద్యగ్రంథాల్లోకి ఎక్కిన ఉదాహరణ ఉత్తరాంధ్ర తీరం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల్లో చుట్టను కాలుతున్న కొస నోటి లోపలికి ఉండేలా పెట్టుకుని తాగే అలవాటు తరతరాలుగా ఉంది. దీన్నే అడ్డపొగ అంటారు. ఇది పురుషుల కంటే స్త్రీలలో, అందులోనూ శ్రమజీవులైన పెద్ద వయసు స్త్రీలలో ఎక్కువ. గాలికి చుట్ట ఆరిపోదని, తడికి పాడవదని, ఎక్కువసేపు వస్తుందని, పెద్దల కంట నిప్పు పడదని ఇందుకు రకరకాల కారణాలు చెబుతారు. ఫిలిప్పీన్స్, పనామా, కొలంబియా, సార్డీనియాల్లో కూడా ఈ పద్ధతి నమోదైంది.

1960ల్లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన ఫలీ మెహతా, డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ పిండ్‌బోర్గ్, వారి సహచరులు ఐదు జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి 50,915 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించారు. ఎర్నాకుళం, భావ్‌నగర్, సింగ్‌భూమ్, దర్భంగాలతో పాటు ఆ జాబితాలో శ్రీకాకుళం ఉంది (అప్పటికి విజయనగరం జిల్లా ఏర్పడలేదు). 1969లో ఫలితాలు వెలువడ్డాయి. శ్రీకాకుళంలో పరీక్షించినవారిలో పదిమందికి నలుగురికి పైగా అడ్డపొగ తాగేవారే. మిగతా లోకంలో అరుదైన గట్టి అంగిలి క్యాన్సర్ ఇక్కడ ప్రధానంగా కనిపించింది.

కారణం స్పష్టమే. నిప్పు, పొగ, బూడిద అన్నీ నేరుగా అంగిలికి తగులుతాయి. అడ్డపొగ తాగేటప్పుడు నోటిలోని గాలి 120 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతుందని ఆనాటి కొలతలు చెప్పాయి. మొదట అంగిలి తెల్లబారుతుంది, దాని మీద లాలాజల గ్రంథుల రంధ్రాలు ఎర్రటి చుక్కలుగా తేలతాయి. ఆ తర్వాత నల్లని, ఎర్రని మచ్చలు ఏర్పడతాయి. ఈ మార్పులకు ఏళ్లు పడుతుంది, నొప్పి ఉండదు. పొగాకు వల్ల వచ్చే నోటి క్యాన్సర్ అనగానే పురుషుల వ్యాధిగానే భావించే దేశంలో, ఈ తీరంలోని స్త్రీల అనుభవం చాలాకాలం వైద్య పత్రికల్లో తప్ప మరెక్కడా చర్చకు రాలేదు.

అయినా అలవాటు మార్చలేనిదేమీ కాదు. ఇదే బృందం ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36 వేల మందికి పైగా పొగాకు వాడకందార్లను ఏటా కలిసి, పరీక్షించి, మానమని నచ్చజెప్పింది. మానేసినవారిలో, తగ్గించినవారిలో క్యాన్సర్‌కు ముందు వచ్చే తెల్ల మచ్చలు కొత్తగా ఏర్పడటం తగ్గిందని 1986లో ప్రకటించింది. పొగాకు మాన్పించడంలో ఏటా ఇంటి గడపకు వచ్చి పలకరించి నచ్చజెప్పడం పనిచేస్తుందని ఈ ప్రయోగం చూపింది.

పొగాకు లేకపోయినా వక్క

పొగాకు కలపని తాంబూలం, ఒట్టి వక్క నిరపాయకరమన్న నమ్మకం బలంగా ఉంది. కానీ పొగాకు లేని తాంబూలం, వక్క సైతం మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన సంపుటంలో నిర్ధారించింది. వక్క నమలేవారి బుగ్గల లోపలి పొర క్రమంగా నారలా గట్టిపడుతుంది, కారం తగిలితే మండుతుంది, చివరికి నోట్లోకి రెండు వేళ్లు కూడా పట్టవు. గుట్కా పొట్లాలు చౌకగా అందుబాటులోకి వచ్చాక ఈ స్థితి యువకుల్లో పెరిగింది. కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుంది.

2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు ఆహారపదార్థాల్లో పొగాకు, నికోటిన్ కలపరాదన్నాయి. వాటి ఆధారంగా రాష్ట్రాలు గుట్కాను నిషేధించాయి. ఆ వెంటనే పాన్ మసాలా ఒక పొట్లంలో, పొగాకు మరో పొట్లంలో అమ్మకానికి వచ్చాయి. కొన్నవారు రెండూ కలుపుకుంటున్నారు. 2016-17 జాతీయ సర్వే ప్రకారం దేశంలోని పెద్దల్లో 21.4 శాతం మంది పొగరాని పొగాకు వాడుతున్నారు, పొగతాగేవారు 10.7 శాతం.

బతికేదెవరు?

అమెరికాలో నోరు, గొంతు క్యాన్సర్లను కలిపి లెక్కిస్తే, పుట్టిన చోటే ఉన్న దశలో గుర్తించినవారిలో 80 శాతానికి పైగా ఐదేళ్లు దాటి జీవిస్తున్నారు. దూరపు అవయవాలకు పాకాక ఆ సంఖ్య 40 శాతానికి చేరదు. భారతదేశంలో నోటి క్యాన్సర్ రోగుల్లో ఎక్కువమంది ముదిరిన దశలో ఆసుపత్రికి చేరుతున్నారు. అందుకే మొత్తం మీద ఐదేళ్లు దాటేవారు సగానికి తక్కువ. మొదట నొప్పి లేకపోవడం, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన పూతమందుతో నెలలు గడపడం, పట్నం ప్రయాణానికి డబ్బు లేకపోవడం, కూలి పోతుందన్న భయం కలిసి ఈ ఆలస్యానికి దారితీస్తాయి.

ఈ లెక్కలు తేల్చడమూ సులువు కాదు. ముంబైలో 1963లో తొలి జనాభా ఆధారిత క్యాన్సర్ రిజిస్ట్రీ ఏర్పడింది. భారత వైద్య పరిశోధన మండలి 1981లో జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. నేడు హైదరాబాద్ సహా అనేక చోట్ల రిజిస్ట్రీలున్నా అవి దేశ జనాభాలో దాదాపు పదో వంతునే చేరుతున్నాయి. చికిత్స మధ్యలో ఇంటికి వెళ్లిపోయిన రోగి ఏమయ్యాడో తెలుసుకోవాలంటే సిబ్బంది ఆ ఊరికి వెళ్లాలి, లేదా ఫోన్ చేయాలి. మరణ ధ్రువపత్రంలో కారణం రాయని ఊళ్లు ఎన్నో ఉన్నాయి.

చికిత్సలోనూ ఒక నిర్ణయం ఆయుష్షును మార్చగలదు. తొలిదశ రోగుల మెడలోని గ్రంథులను కణితితో పాటే తొలగించాలా, వ్యాధి అక్కడ కనిపించాక తొలగించాలా అన్నది దశాబ్దాల వివాదం. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి జరిపిన పరీక్షలో ముందే తొలగించినవారిలో మూడేళ్ల తర్వాత 80 శాతం మంది జీవించి ఉన్నారు. వేచి చూసినవారిలో 67.5 శాతం. 2015లో వెలువడిన ఈ ఫలితం ప్రపంచవ్యాప్తంగా శస్త్రచికిత్స విధానాన్ని ప్రభావితం చేసింది.

ముందే గుర్తించడం వల్ల మరణాలు తగ్గుతాయా అన్నదానికి తిరువనంతపురం జిల్లా సమాధానమిచ్చింది. 1996 నుంచి అక్కడి 13 పంచాయతీల్లో 35 ఏళ్లు దాటిన సుమారు 1.9 లక్షల మందితో పరీక్ష జరిగింది. వైద్యులు కాని, శిక్షణ పొందిన కార్యకర్తలు ఏడు పంచాయతీల్లో ఇంటింటికీ వెళ్లి నోళ్లు చూశారు. పొగాకు లేదా మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో తేలింది. అలవాటు లేనివారిలో అలాంటి తేడా కనిపించలేదు.

కేంద్ర ఆరోగ్య శాఖ 2016 మార్గదర్శకాల ప్రకారం 30 ఏళ్లు దాటినవారందరికీ ఐదేళ్లకొకసారి నోటి పరీక్ష జరగాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎప్పుడైనా ఆ పరీక్ష చేయించుకున్నామన్న స్త్రీలు 0.9 శాతం, పురుషులు 1.2 శాతం మాత్రమే.

మూడు వారాలు దాటినా మానని పుండు, తుడిస్తే పోని తెల్ల లేదా ఎర్ర మచ్చ, కారణం లేకుండా కదిలే పన్ను, మెడలో గడ్డ, నోరు తెరవడం కష్టం కావడం కనిపిస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో దంతవైద్యుని వద్దనో చూపించుకోవాలి. అడ్డపొగ తాగేవారి విషయంలో అంగిలిని టార్చిలైటు వేసి ప్రత్యేకంగా చూడాలి, ఎందుకంటే ఆ చోటు అద్దంలో తమంతట తామే చూసుకోవడం కష్టం.